పాత ఫోర్‌స్పీడ్ హర్స్ట్ షిఫ్టర్: ఏ కారుదో పోల్చుకోవడం, సరిగ్గా అమ్మడం

మీ ప్రశ్న క్లుప్తంగా: గరాజ్ ఖాళీ చేస్తుంటే పాత అమెరికన్ కారుకు చెందినట్టున్న గేర్ షిఫ్టర్ ఒకటి బయటపడింది. క్రోమ్ స్టిక్ మీద హర్స్ట్ అని ఉంది (షిఫ్టర్లు చేసే అమెరికన్ కంపెనీ పేరది). కింద జిడ్డు పట్టిన ఇనుప బాడీ, దానికి మూడు లీవర్లు, మూడు రాడ్లు. ఇది ఏ కారుది, శుభ్రం చేశాక అమ్మాలా అలాగే అమ్మేయాలా, ఎంత అడగొచ్చు?

అన్నిటికంటే ముందు, దేన్నీ విప్పకండి, కడగకండి, రాడ్లు విడదీసి వేరే డబ్బాలో వేయకండి. హర్స్ట్ ఫోర్‌స్పీడ్ షిఫ్టర్ల బాడీలు ఒక కారుదానికీ ఇంకో కారుదానికీ చాలావరకు ఒకేలా ఉంటాయి. పాంటియాక్‌దో, షెవ్రొలేదో, ప్లిమత్‌దో చెప్పేవి బాడీ చుట్టూ ఉన్న సరంజామా: మౌంటింగ్ ప్లేటు, రాడ్ల పొడవులు, వాటి వంపులు, స్టిక్ ఆకారం. ఇవన్నీ ఒకదానికొకటి తగిలించి ఉన్నంతసేపు మీ చేతిలో ఉన్నది ఫలానా కారు షిఫ్టర్. విడిపోయాయా, ఇక అది ఊరూపేరూ లేని ఇనుము, కొనేవాడు కూడా ఆ ధరే ఇస్తాడు. అందుకే దొరికింది దొరికినట్టుగా ముందు ఫొటోలు తీయండి: ఎడమ, కుడి, పైన, కింద, ఒక్కో రాడ్డు ఏ లీవర్‌కి ఏ రంధ్రంలో తగిలిందో దగ్గరగా. లీవర్లలో ఒకటికి మించి రంధ్రాలుంటే, రాడ్డు ఏ రంధ్రంలో ఉందన్నది తర్వాత ఎవరికీ గుర్తుండదు.

(చేత్తో పట్టుకునేదాన్ని స్టిక్ అనీ, ట్రాన్స్‌మిషన్, అంటే గేర్‌బాక్స్, వైపు వెళ్ళేవాటిని రాడ్లనీ రాస్తున్నాను. రెండింటినీ గేర్ రాడ్డనే అంటే అమ్మేటప్పుడు గందరగోళమవుతుంది.)

ఇప్పుడు పోల్చుకోవడం. మొదట లీవర్లు లెక్కపెట్టండి. రెండే ఉంటే అది త్రీస్పీడ్ షిఫ్టర్: ఒక లీవర్ ఫస్ట్, రివర్స్‌లకు, రెండోది సెకండ్, థర్డ్‌లకు. స్టీరింగ్ కాలమ్ మీదున్న గేర్లను నేల మీదికి మార్చుకునే కిట్లుగా ఇవి లెక్కలేనన్ని అమ్ముడయ్యాయి, కాబట్టి మామూలుగా తక్కువకే పోతాయి. మూడు లీవర్లుంటే ఫోర్‌స్పీడ్: ఒకటి-రెండుకు ఒకటి, మూడు-నాలుగుకు ఒకటి, రివర్స్‌కి ఒకటి. మీ దానికి మూడున్నాయి కాబట్టి ముందుకు పోదాం. అసలు రాడ్లే లేకుండా, అడుగున చదునైన ప్లేటు, నాలుగు మూలలా నాలుగు బోల్టు రంధ్రాలు ఉంటే ట్రాన్స్‌మిషన్ నెత్తిన నేరుగా కూర్చునే తర్వాతి కాలపు రకం అయ్యుంటుంది. బోర్గ్‌వార్నర్ టీ-5 లాంటివాటికి వచ్చేవి అవే. వాటి మార్కెట్ వేరు.

తర్వాత స్టిక్ చూడండి. నాబ్‌కి దిగువన వేళ్ళతో పైకి లాగే అడ్డపట్టీ ఉందా? అది రివర్స్ పొరపాటున పడకుండా ఆపేది. 1960ల కార్వెట్ ఫ్యాక్టరీ షిఫ్టర్‌కీ, 1965 నుంచి 67 దాకా వచ్చిన ఫోర్‌స్పీడ్ ముస్టాంగ్ ఫ్యాక్టరీ షిఫ్టర్‌కీ ఇది ఉంటుంది. హర్స్ట్ విడిగా అమ్మే కాంపిటీషన్ ప్లస్ అనే మోడల్‌కి ఇలాంటిది ఉండదు, స్టిక్‌ని పక్కకు నెట్టి స్ప్రింగు బలాన్ని దాటితే రివర్స్ పడుతుంది. స్టిక్ మీద పెద్దక్షరాలతో హర్స్ట్ అని ఉన్నంత మాత్రాన కింది బాడీ కూడా హర్స్ట్‌దే అనుకోకండి. మధ్యలో ఎవరైనా స్టిక్ మార్చి ఉండొచ్చు. బాడీ మీద కూడా ముద్ర ఉందేమో వెతకండి.

బాడీకి ముందూ వెనకా లాక్‌నట్టుతో బిగించిన చిన్న బోల్టులు కనిపిస్తే అవి స్టాప్ బోల్టులు. గేరు పడ్డాక ఇంకా బలంగా లాగితే ఆ బలం ట్రాన్స్‌మిషన్ లోపల గేర్లను జరిపే ఫోర్కుల మీద పడకుండా ఇవి అడ్డుకుంటాయి. విడిగా కొని బిగించుకునే కాంపిటీషన్ ప్లస్‌కి ఇవి గుర్తు. కార్ల కంపెనీలు ఫ్యాక్టరీలోనే బిగించిన హర్స్ట్‌లలో చాలావాటికి ఉండవు. కాబట్టి బోల్టులు లేకపోతే వెంటనే పోయాయని రాసేయకండి. మర ఉన్న రంధ్రం ఖాళీగా కనిపిస్తే పోయినట్టు, రంధ్రమే లేకపోతే అసలు లేనట్టు. ఈ ఒక్క తేడా ఫ్యాక్టరీ యూనిట్ కోసం వెతికే కొనుగోలుదారుకి చాలా ముఖ్యం, ప్రకటనలో తప్పకుండా ఉండాలి.

నంబర్ల సంగతి. హర్స్ట్ కేటలాగులో కాంపిటీషన్ ప్లస్ షిఫ్టర్లు 391తో, ఇన్‌స్టలేషన్ కిట్లు, అంటే రాడ్లూ ప్లేటూ, 373తో, స్టిక్‌లు 538తో మొదలయ్యే ఏడంకెల నంబర్లతో వస్తాయి. ఇనుము మీద మాత్రం ఏడంకెలూ ఉండకపోవచ్చు. స్టిక్ అడుగున, బోల్టులు పట్టే చదును భాగంలో నాలుగంకెలే కనిపిస్తే వాటిని 538 నంబర్ల చివరి నాలుగంకెలతో పోల్చి చూడండి. మౌంటింగ్ ప్లేటు మీద కూడా ముద్ర ఉండొచ్చు, గ్రీజు కింద దాక్కుని ఉంటుంది. కిరసనాయిల్ తడిపిన గుడ్డతో ఆ ఒక్క చోటే తుడిచి, టార్చిలైటు పక్కనుంచి ఏటవాలుగా వేసి చూడండి. ఎదురుగా వేస్తే అంకెలు కనపడవు. 3, 8 ఒకేలా కనిపిస్తే ఊహించి రాయకుండా ఫొటో పెట్టండి.

నంబరు దొరకలేదా, అప్పుడు రాడ్లే సాక్షులు. 1960ల, 70ల అమెరికన్ ఫోర్‌స్పీడ్ ట్రాన్స్‌మిషన్లలో మీకు తగిలేవి ప్రధానంగా ఐదు: మన్సీ, బోర్గ్‌వార్నర్ టీ-10, శాగినా, ఫోర్డ్ టాప్‌లోడర్, క్రైస్లర్ ఏ-833. మన్సీలోనూ టీ-10లోనూ పక్క కవరు మీద రెండు లీవర్లే ఉంటాయి, రివర్స్ లీవర్ వెనక టెయిల్‌హౌసింగ్ (ట్రాన్స్‌మిషన్ తోకభాగం) మీద ఉంటుంది. అందువల్ల మూడు రాడ్లలో రివర్స్‌ది మిగతా రెంటికన్నా స్పష్టంగా పొట్టిగా ఉంటుంది. శాగినాలో మూడు లీవర్లూ పక్క కవరు మీదే, మూడు రాడ్లూ ముందుకే పోతాయి. టాప్‌లోడర్‌కి కవరు పైన ఉంటుంది, లీవర్లు మూడూ కేసు పక్కన ఉంటాయి. ఫొటోలన్నీ అయ్యాకే రాడ్లను విప్పి నేల మీద వరసగా పరిచి, రెండు చివర్ల రంధ్రాల మధ్య దూరాన్ని నిటారుగా కొలవండి. వంపు వెంబడి టేపు పోనివ్వకండి. అంగుళాల్లోనే రాయండి, ఈ వస్తువులు వెతికేవాళ్ళంతా అంగుళాల్లోనే మాట్లాడతారు. కొలవబోయే ముందు రాడ్డు చివర మర మీద అడ్జస్టర్ ఎక్కడుందో పెయింటు మార్కరుతో గీత గీసుకోండి. పాత కారులో అది కుదిరిన చోటు అదే.

ట్రాన్స్‌మిషన్‌కి తగిలే చిన్న చేతులు (ట్రాన్స్‌మిషన్ వైపు లీవర్లు) కూడా రాడ్లతోపాటే వచ్చి ఉంటే అదృష్టమే. మన్సీలో 1968 వరకు షాఫ్టు చివర మర ఉండి చేతిని నట్టు పట్టుకునేది, 1969 నుంచి షాఫ్టు లోపలికి దిగే బోల్టు పట్టుకుంటుంది. చేతికి ఇంకా అంటుకుని ఉన్నది నట్టా, బోల్టా అన్నది చూసి ఏళ్ళ పరిధిని సగానికి సగం తగ్గించొచ్చు. ఇంకో గుర్తు: రివర్స్ లీవర్‌కి ఏ గేరుతోనూ సంబంధం లేని అదనపు రంధ్రమో పిన్నో ఉందా? జనరల్ మోటార్స్ 1969లో, క్రైస్లర్ 1970లో స్టీరింగ్ కాలమ్ తాళాలు తెచ్చాయి. రివర్స్‌లో పెడితేనే తాళంచెవి బయటికొచ్చేలా షిఫ్టర్ నుంచి కాలమ్‌కి ఒక రాడ్డు పోయేది. ఆ పిన్ను అసలుదే అయితే, తర్వాత వెల్డింగు చేసింది కాకపోతే, మీ షిఫ్టర్ ఆ ఏళ్ళకు ముందుది కాదు. రివర్స్ లైటు స్విచ్ తగిలించే చిన్న చెవిని దీనితో పొరబడకండి.

మౌంటింగ్ ప్లేటు రంధ్రాల మధ్య దూరాలను కేంద్రం నుంచి కేంద్రానికి కొలిచి రాయండి. టాప్‌లోడర్ విషయంలో ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే ముస్టాంగ్, ఫెయిర్‌లేన్, గెలాక్సీలకు షిఫ్టర్ కూర్చునే చోటు ఒకటి కాదు. ట్రాన్స్‌మిషన్ పేరు ఒకటే కదా అని కొన్నవాడికి స్టిక్ కన్సోల్ రంధ్రంలోంచి రాక, తిరిగి పంపేది దీనివల్లే.

ఇక స్టిక్. డబ్బు ఎక్కువగా దాగుండేది ఇక్కడే. ఒక మామూలు బాడీకన్నా, సరైన కారుకి సరైన ఏడాది స్టిక్ ఎక్కువ పలకడం ఈ వ్యాపారంలో మామూలే. కారణం సులువు: బాడీ ఈరోజుకీ కొత్తది కొనుక్కోవచ్చు, హర్స్ట్ పేరు ఇప్పుడు హోలీ అనే కారు విడిభాగాల కంపెనీ చేతిలో ఉంది, అమ్మకాలు సాగుతూనే ఉన్నాయి. ఫ్యాక్టరీ స్టిక్ అలా కాదు. పాంటియాక్ జీటీవో 1964లో హర్స్ట్ షిఫ్టర్‌తోనే వచ్చింది. కమారోకి 1969లో ఫ్యాక్టరీ హర్స్ట్ వచ్చింది, 1967, 68లకు లేదు. ముస్టాంగ్ ఫోర్‌స్పీడ్‌లకు 1970లో హర్స్ట్ టీ-హ్యాండిల్ (T ఆకారపు పిడి ఉన్న స్టిక్) వచ్చింది. 1970 నుంచి చాలెంజర్, బర్రకూడా, ఛార్జర్ లాంటివాటికి వచ్చిన పిస్టల్ గ్రిప్ (పిస్తోలు పిడిలాంటి పట్టు ఉన్న స్టిక్) సంగతి చెప్పనక్కర్లేదు. చెక్కలా కనిపించే రెండు ప్లాస్టిక్ పలకల మధ్య క్రోమ్ వెన్ను ఉంటుంది. అయితే పిస్టల్ గ్రిప్‌లకు నకళ్ళు విరివిగా తయారవుతున్నాయి, బకెట్ సీట్లకీ బెంచి సీట్లకీ, చిన్న కారుకీ పెద్ద కారుకీ వంపులు వేరు. అసలుదని మీకు కచ్చితంగా తెలిస్తే తప్ప ఆ మాట రాయకండి. 'ఫలానా ఏడాది కారు నుంచి తీసింది, కారు మా ఇంట్లోనే ఉండేది' అనే మాట నిజమైతే, 'ఒరిజినల్' అనే ముద్రకన్నా దానికే విలువెక్కువ.

స్టిక్ ఆకారాన్ని మాటల్లో వర్ణించబోకండి. ఒక అంగుళం గళ్ళ కాగితం నేల మీద పరిచి, కింది బోల్టు రంధ్రాన్ని ఒక గడి మూల మీద పెట్టి, కెమెరాను నిటారుగా పైనుంచి పట్టి పక్కవాటు ఫొటో ఒకటి, తొంభై డిగ్రీలు తిప్పి ముందువాటు ఫొటో ఒకటి తీయండి. ఎంత ఎత్తు, ఎంత వెనక్కి, డ్రైవర్ వైపు ఎంత వంగింది, అన్నీ అందులోనే ఉంటాయి. దీనికి రెండు బోల్టు రంధ్రాల మధ్య దూరం, నాబ్ మర కలిపితే చాలు. హర్స్ట్ నాబ్ మర సాధారణంగా 3/8-16 (3/8 అంగుళం వ్యాసం, అంగుళానికి 16 చుట్లు), కానీ ఆ కొలత నట్టు ఒకటి తెచ్చి వేలితో తిప్పి చూడండి. రెండు మూడు చుట్లు సాఫీగా తిరిగితే అదే. బిగుసుకుంటే అక్కడే ఆపండి. ఎవరో తప్పు నాబ్ బలవంతంగా ఎక్కించి మర చెడగొట్టి ఉండొచ్చు.

బోల్టులే లేకుండా బాడీలోకి కత్తిలా దూరి కూర్చునే స్టిక్‌లు జనరల్ మోటార్స్ ఫ్యాక్టరీ హర్స్ట్‌లలో ఉంటాయి. లోపల స్ప్రింగు క్లిప్పు పట్టుకుని ఉంటుంది. పక్క సందులోంచి పలచని ఫీలర్ గేజ్ (సందులు కొలిచే స్టీలు రేకు) దూర్చి క్లిప్పుని వెనక్కి నొక్కితే జారుతుంది. స్క్రూడ్రైవర్ పెట్టి ఎత్తితే క్లిప్పు విరుగుతుంది, క్రోమ్ మీద గీత పడుతుంది, అదీ సరిగ్గా ఫొటోలో కనిపించే చోట.

పనిచేస్తోందా లేదా అనేది కారు లేకుండానే చాలావరకు తేల్చొచ్చు. బాడీని బెంచి వైస్‌లో మౌంటింగ్ ప్లేటు దగ్గర, మధ్యలో చెక్కముక్కలు పెట్టి పట్టించండి. మూడు లీవర్లనూ న్యూట్రల్‌కి తెచ్చి, బాడీకి ఆరపార ఉన్న రంధ్రంలోంచి పావు అంగుళం డ్రిల్ బిట్టును తోక వైపు నుంచి దూర్చండి. మూడు లీవర్లనూ దాటి అవతలికి సాఫీగా వస్తే వరస బాగున్నట్టు. రాకపోతే ఏదో ఒక లీవర్ వంగి ఉంటుంది, లేదా గ్రీజు రాయిలా గడ్డకట్టి ఉంటుంది. రెండోదే ఎక్కువసార్లు జరుగుతుంది. సందుల్లోకి పలచని నూనె వదిలి ఒకరాత్రి ఆగి మళ్ళీ చూడండి, సుత్తి జోలికి పోకండి. బిట్టు తీసేసి స్టిక్‌ని ఒక్కో గేరులోకి వేయండి. ఒక లీవర్ కదులుతుంటే మిగతా రెండూ కదలకూడదు. రివర్స్ వైపు నెట్టి వదిలితే స్టిక్ తనంతట తాను వెనక్కి రావాలి. రాకపోతే స్ప్రింగు విరిగింది, లేదా లేదు. బాడీ లోపలి ఆటకీ (వదులుకీ), రాడ్ల చివర్ల ఆటకీ తేడా తెలుసుకోండి. లీవర్‌ని చేత్తో పట్టుకుని స్టిక్‌ని ఊపితే వచ్చే ఆట లోపలి అరుగుదల, అది కాస్త ఖరీదైన వ్యవహారం. రాడ్డు చివర వచ్చే ఆట నైలాన్ బుష్‌లు అరగడం వల్ల, అవి కొత్తవి దొరుకుతాయి, స్టీలువి కూడా ఉన్నాయి. బుష్ అరిగాక కూడా చాన్నాళ్ళు నడిపి ఉంటే లీవర్ రంధ్రమే కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది. అది మాత్రం దాచకండి, దగ్గరగా ఫొటో తీయండి.

శుభ్రం చేయాలా అంటే, తుడవండి, కొత్తగా చేయకండి. జిడ్డుని మినరల్ స్పిరిట్స్‌తో (పెయింటు తిన్నర్ లాంటి ద్రవం), ఇత్తడి బ్రష్‌తో తీయండి. ఇసుక బ్లాస్టింగు వద్దే వద్దు, ఇసుక లీవర్ల మధ్య పలకల్లోకి దూరి జన్మలో బయటికి రాదు, కొన్నవాడి షిఫ్టర్ దానితోనే అరుగుతుంది. వెనిగర్‌లో నానబెట్టమని చిట్కాలు చెబుతుంటారు. తుప్పుతోపాటు ఫ్యాక్టరీ జింక్ పూతని కూడా అది తినేస్తుంది, తర్వాత మిగిలేది బూడిదరంగు ఇనుము. ఆ పసుపు ఛాయ పూత కాస్త మిగిలి ఉన్నా, ఇంతకుముందు ఎవరూ దీన్ని కెలకలేదనడానికి అదే రుజువు. క్రోమ్ మీద తుప్పు చుక్కలుంటే అల్యూమినియం ఫాయిల్ ముక్కను నీళ్ళలో తడిపి మెల్లగా రుద్దండి, గీతలు పడకుండా పోతాయి. లోతుగా గుంటలు పడితే వదిలేయండి. కొత్త క్రోమ్ వేయించడం మీ పని కాదు, ఆ డబ్బు తిరిగిరాదు, పైగా పాలిషింగులో అక్షరాలు అరిగిపోతాయి. పెయింటు అస్సలు వేయకండి. పెయింటేసిన షిఫ్టర్ చూస్తే కొనేవాడికి మొదట వచ్చే అనుమానం వెల్డింగు దాచారనే. పసుపెక్కిన తెల్ల నాబ్ ఉంటే పగుళ్ళున్నా సరే స్టిక్‌తోనే ఉంచండి.

ధర. నేను ఇక్కడ ఒక డాలర్ల అంకె చెప్పడం మీకు మేలు కాదు, ఒకే బాడీ మీద ఉన్న సరంజామాని బట్టి ధర ఎన్నో రెట్లు మారుతుంది. ఈబేలో మీ నంబరుతో, లేదా ట్రాన్స్‌మిషన్, కారు పేర్లతో వెతికి, అమ్ముడైనవి మాత్రమే చూపించే ఫిల్టర్ పెట్టండి. అడుగుతున్న ధరలు పట్టించుకోకండి, ఏళ్ళ తరబడి అమ్ముడుపోకుండా కూర్చున్నవే పైన కనిపిస్తాయి. మీ దానిలాంటివి నాలుగైదు తీసుకుని, రాడ్లు ఉన్నవీ లేనివీ వేరు చేసి చూడండి. ఆ తేడానే మీకు రాడ్ల విలువ చెబుతుంది. సైటు కమీషన్, పోస్టేజీ తీసేశాక చేతికొచ్చేది లెక్కేసుకోండి. ఏ కారుదో తేలిపోతే, ఆ కారు మోడల్ క్లబ్బు ప్రకటనల్లో పెట్టడం మేలు. ఈబేలో వందమంది చూస్తారు, క్లబ్బులో పదిమందే చూస్తారు, కానీ ఆ పదిమందికీ మీ వస్తువేంటో తెలుసు. పెన్సిల్వేనియా చుట్టుపక్కల ఉంటే కార్లైల్ స్వాప్ మీట్‌లో (పాత విడిభాగాల సంత) గానీ, అక్టోబర్‌లో హెర్షీలో జరిగే అలాంటి సంతలో గానీ టేబుల్ మీద పెట్టొచ్చు, అయితే అక్కడికొచ్చే డీలర్లు లాభానికి తిరిగి అమ్ముకోవడానికే కొంటారు, ధర అలాగే చెబుతారు.

విడివిడిగా అమ్మితే ఎక్కువొస్తుందా? బాడీ, రాడ్లు, ప్లేటు, స్టిక్ అన్నీ ఒకే కారువని నమ్మకం ఉంటే కలిపే అమ్మండి, పునరుద్ధరణ చేసేవాళ్ళు వెతికేది పూర్తి సెట్టునే. స్టిక్ ఒకటి, బాడీ ఇంకొకటి అని తేలితే మాత్రం మొహమాటం లేకుండా విడగొట్టండి.

ప్రకటనకి ఇలాంటి నాలుగు వాక్యాలు చాలు: 'హర్స్ట్ ఫోర్‌స్పీడ్ షిఫ్టర్, మూడు రాడ్లు, మౌంటింగ్ ప్లేటు, స్టిక్‌తో. రివర్స్ రాడ్డు పొట్టిది, మన్సీకి గానీ టీ-10కి గానీ చెందినట్టుంది. బాడీలో స్టాప్ బోల్టులకు రంధ్రాలు లేవు. పావు అంగుళం పిన్ను సాఫీగా దూరుతోంది, రివర్స్ స్ప్రింగు పనిచేస్తోంది, మూడు-నాలుగు రాడ్డు బుష్ అరిగింది, కొలతలు ఫొటోల్లో ఉన్నాయి.' ఫలానా కారుకి సరిపోతుందని మీ అంతట మీరు హామీ ఇవ్వకండి. 'నా 1967 షెవెల్ కారుకి పడుతుందా' అని కొనేవాళ్ళు అడుగుతారు. దానికి జవాబు అవుననో కాదనో కాదు, ప్లేటు రంధ్రాల దూరాలు, రాడ్ల పొడవులు పంపి, మీ కారుతో సరిచూసుకోండి అనడం. స్టిక్ ఒక్కటే అమ్ముతారా అని వచ్చే మెసేజ్‌లు మొదటి రోజే వస్తాయి. ఆ స్టిక్‌కి ఎంత గిరాకీ ఉందో ఆ తొందరే చెబుతుంది, నంబరు మళ్ళీ ఒకసారి వెతికాకే జవాబివ్వండి.

పంపేముందు బాడీ అడుగున, ప్లేటు అంచున ఉన్న గీతలూ సొట్టలూ దగ్గరగా ఫొటో తీసి పెట్టుకోండి. తన అరిగిపోయినదాన్ని పెట్టెలో పెట్టి తిప్పిపంపేవాళ్ళుంటారు. స్టిక్ బోల్టులతో పట్టేదయితే విప్పి, దాని బోల్టులు చిన్న కవర్లో వేసి బాడీకే కట్టండి. స్టిక్ బాడీకి ఉండగానే పెట్టెలో పెడితే, పెట్టె కిందపడినప్పుడు స్టిక్ చివర అట్టను చీల్చుకుని బయటికొస్తుంది, ముందు పోయేది నాబ్ మర. మరకి పాత నాబ్ గానీ ప్లాస్టిక్ మూత గానీ ఎక్కించండి. జిడ్డు పెట్టెలోంచి బయటికి ఊరితే పోస్టల్ వాళ్ళు ఆపేస్తారు, బాడీని మందపాటి ప్లాస్టిక్ సంచీలో కట్టాకే కాగితం చుట్టండి. రాడ్లు మూడూ కలిపి టేపు వేసి ఒక అట్టపలకకి కట్టేస్తే వంగవు. యూఎస్‌పీఎస్ (అమెరికా పోస్టల్ సర్వీసు) ఫ్లాట్ రేట్ పెట్టెల్లో 70 పౌండ్ల దాకా బరువు లెక్కలేదు కాబట్టి బాడీ ఒక పెట్టెలో బాగా కలిసొస్తుంది. స్టిక్, రాడ్లు అందులో పట్టకపోతే పొడవాటి పెట్టెలో వేరుగా పంపి, రెండు ట్రాకింగ్ నంబర్లూ ఇవ్వండి.

ఫొటోలు, రాడ్ల మూడు కొలతలు, స్టిక్ అడుగున ఉన్న అంకెలు ఇక్కడ పెట్టండి. మన్సీదో శాగినాదో అవి చూస్తే తేలిపోతుంది.